చూపు ఆనని గన్నర్

జర్మనీలోని లీర్ పట్టణంలో గడియారాలు బాగుచేసుకునే నన్ను 1941లో నౌకాదళం పట్టుకుపోయింది. "సన్నపని తెలిసిన చెయ్యి, ఐల్ట్ హార్మ్స్" అని కాగితంలో రాసి, సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ మీద, విమానాలను కొట్టే తుపాకికి గురిచూసేవాడిగా వేశారు. జానెడు దూరంలో ఉన్న మర మీది దుమ్ము కూడా నాకు కనబడుతుంది. వీధి అవతలి చర్చి మాత్రం మబ్బుముక్కే. కంటి పరీక్షలో నా ముందువాడు చదివిన అక్షరాలు బట్టీపట్టి అప్పజెప్పాను. గన్నర్నయ్యానని వీబ్కెకు రాశాను. ఆమెతో పెళ్లి ఇంకా కాలేదు, గొప్పలు అవసరమే.

తుపాకి గంభీరంగానే ఉండేది, రెండు గొట్టాలతో. అయితే ప్రతి గుండూ చేత్తో తొయ్యాలి. ఎదుటివాళ్ల తుపాకులు ధారగా కక్కుతుంటే మాది ముసలాయన దగ్గినట్టు ఒక్కో గుండు పేల్చేది. గుండ్లు తోసేవాడు ఫోల్కర్ట్, ఎమ్డెన్‌లో చేపలు పట్టేవాడు.

"నువ్వు గురిపెడితే చేపలు కూడా దాక్కుంటాయిరా, ఎటు పడుతుందో తెలీక" అనేవాడు.

ఏప్రిల్‌లో ఒక పొగమంచు ఉదయం విమానం చప్పుడు వినబడింది. "గుర్తుపట్టాకే కొట్టండి" అన్నాడు కెప్టెన్ బ్రోడర్సన్. నేను వెంటనే గుర్తుపట్టేశాను. తొమ్మిదో గుండుకు అది పొగ కక్కుతూ నీళ్లలో దిగింది. అందరూ నా వీపు తట్టారు. వంటవాడు బఠానీ సూప్‌లో రెండు ముక్కలు మాంసం ఎక్కువ వేశాడు. వీబ్కెకు రాయబోయే ఉత్తరంలో మొదటి వాక్యం ఆలోచిస్తుండగా, నీళ్లలోని రబ్బరు తెప్ప మీంచి ఎవరో అచ్చమైన జర్మన్‌లో మమ్మల్ని బూతులు తిట్టారు.

"దాని కింద పడవల్లాంటివి రెండున్నాయి కదరా, నీళ్ల మీద దిగే మన విమానం. చూళ్లేదా?" అన్నాడు ఫోల్కర్ట్.

"నాకు విమానమే సరిగ్గా కనబళ్లేదు."

ఆ మాట కెప్టెన్‌కూ చెప్పాల్సి వచ్చింది.

"ఎప్పట్నించి కనబడదు?"

"చిన్నప్పట్నించి సార్."

చెయ్యి విరిగి కట్టుతో కూర్చున్న పైలట్ అందుకున్నాడు, "కళ్లున్నవాళ్లు వందమంది కొట్టలేకపోయారు నన్ను. చివరికి వీడి చేతిలోనా?"

నాకు కళ్లజోడు ఇచ్చి వంటగదిలో పడేశారు. బంగాళదుంపలు జానెడు దూరంలోనే ఉంటాయి కనుక ఆ పనిలో నా మీద ఫిర్యాదులు రాలేదు.

ఆ శరదృతువులో ఇంగ్లిషు విమానాలు వచ్చాయి. కొత్త గన్నర్‌ది డేగచూపు. కానీ తుపాకి అదే, దగ్గూ అదే. నేను కింద దుంపలు చెక్కుతుండగా పైన ఫోల్కర్ట్ చేతిలో గుండు పట్టుకునే పడిపోయాడు. పేలుళ్లు ఆగాక సూప్ వడ్డిస్తూ అతని గిన్నె కూడా నింపేశాను. దాన్ని ఏం చెయ్యాలో తోచక చల్లారేదాకా పట్టుకు నిలబడ్డాను.

యుద్ధం అయ్యాక ఎమ్డెన్‌లో అతని తల్లిని చూడబోయాను. కప్పులో పటికబెల్లం వేసి టీ పోసింది.

"మావాడు పని బాగా చేశాడా బాబూ?"

"అతనంత వేగంగా గుండు తోసినవాళ్లు లేరమ్మా. తప్పుగా పేల్చింది నేను."

"ఒక్కటైనా కొట్టారా?"

"ఒకటి. మనదే."

ఆమె నా కళ్లజోడు వైపు చూసింది. నవ్వు ఆపుకోలేక కొంగులా ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.