బొగ్గు బస్సూ, మా అత్తమ్మ చెంబూ

బస్సును చెంబునీళ్ళతో చంపిన మనిషి బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఎవరన్నా ఉంటే అది నేనే. కోపంతో చంపలేదు, మంచి బుద్ధితోనే చంపినాను. ఆ పుణ్యానికి ఒక పెళ్ళి నిలిచిపోవాల్సింది.

మొన్న మా మనవడు పేపరు పట్టుకొచ్చి, "అవ్వా, పెట్రోలు లేకుండా నడిచే కార్లు వస్తాండాయంట" అన్నాడు, తనే కనిపెట్టినట్టు. నేను కళ్ళజోడు తుడుచుకొని, "నీకు ఇప్పుడొస్తాండాయేమో. నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడే అట్లాంటిదాన్ని ఒకదాన్ని ఆర్పేసినాను పో" అన్నాను. వాడు నమ్మలేదు. మీరన్నా నమ్మండి.

మోటార్లంటే నాకు మొదట్నుంచీ పెద్ద గౌరవం లేదు. నేను చదివింది కన్నడ ఇస్కూల్లో రెండో క్లాసు. లోకం సంగతులన్నీ మా మామయ్య అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదువుతుంటే తలుపు చాటు నుంచి విన్నవే. ఒకరోజు దొరల దేశంలో మోటార్లకు పందేలు పెడతారనీ, గిరగిరా తిరిగి బయల్దేరిన చోటికే వస్తారనీ, ముందొచ్చినోడికి వెండి గిన్నె ఇస్తారనీ చదివినాడు. నా నోరు ఆగలేదు.

"బయల్దేరిన చోటికే వచ్చేదానికి అంత తొందరెందుకు మామా? గానుగెద్దు రోజూ ఆ పనే చేస్తాంది. దానికెవరూ గిన్నె ఇయ్యలేదే."

మామయ్య పేపరు వెనక నవ్వుకున్నాడు. లోపల్నుంచి అత్తమ్మ మాత్రం, "మాటలు కొంచెం మిగిలించుకో అమ్మీ, ముసలితనానికి పనికొస్తాయి" అనింది.

మిగిలించడమంటే మా అత్తమ్మే. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసేది. వంటయితానే కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద నీళ్ళు చల్లి, ఆ బొగ్గుల్ని ఎండబెట్టి కుంపటికి దాచేది. మండే నిప్పును అట్లే వదిలేసి పొయ్యి దగ్గర్నుంచి లేచే కోడలికి ఆ యింట్లో అన్నం సయించేది కాదు. నేను ఆమె చేతికింద బాగానే తయారైనాను. మరీ బాగా తయారైనాను, అదే వచ్చిన చిక్కు.

అప్పుడు రెండో ప్రపంచయుద్ధం జరుగుతా ఉన్నింది. పెట్రోలు కరువు. చిక్కబళ్ళాపురం పోయే బస్సుకు వెనక ఒక పెద్ద ఇనప పీపా బిగించినారు. దాంట్లో బొగ్గులు మండితే వచ్చే గ్యాసుతో ఇంజను తిరిగేది. నిప్పు లేనిదే పొగ రాదని లోకమంతా అంటుంది. మా ఊళ్ళో పొగ లేనిదే బస్సు రాదు. తెల్లచీరతో ఎక్కితే బూడిదరంగు చీరతో దిగేవాళ్ళం, అద్దకం ఖర్చు లేకుండా.

మా మరిది పెళ్ళి చిక్కబళ్ళాపురంలో, ఆడపిల్ల వాళ్ళింట్లో. మావాళ్ళంతా ముందురోజే ఎద్దులబండ్లు కట్టుకొని పోయినారు. తాళిబొట్టు మాత్రం కంసాలి ఆచారి దగ్గరే ఉండిపోయింది. ఆయన రేపు రేపంటూ పెళ్ళిరోజు తెల్లవారికి గానీ ఇయ్యలేదు. "మొగోళ్ళ చేతికిస్తే పంచెతో పాటు ఉతికేస్తారు" అని అత్తమ్మ తనే ఆగి, తోడుకు నన్ను ఆపుకొనింది. ఆచారి ఇచ్చిన బొట్టును కొంగున కట్టి నడుముకు దోపుకొనింది. పెళ్ళికొడుకు కంటే ముందే మూడుముళ్ళూ ఆమే వేసేసింది. ముహూర్తం మధ్యాహ్నం లోపలే. పొద్దున బస్సు ఎక్కినాం.

దోవలో పేరేసంద్రలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి, పీపా అడుగు తలుపు తీసి బూడిద లాగి, తలుపు వెయ్యకుండానే కాఫీకి పోయినాడు. అత్తమ్మ సీట్లో కునుకు తీస్తాంది. నేను కాళ్ళు సాగదీసుకుందామని అత్తమ్మ సొట్టచెంబు పట్టుకొని దిగి, వెనక్కి వచ్చి చూస్తును గదా, లోపల కణకణమని నిప్పులు! ఊరందరికీ సంగటి వండేంత నిప్పు. మీద గిన్నె లేదు, పక్కన మనిషి లేదు. ఊరికే కాలిపోతాంది.

కాఫీ ఓటలు ముందర నీళ్ళతొట్టిలో చెంబు ముంచి తెచ్చి పోసినాను. వెయ్యి పాములు ఒక్కసారి బుసకొట్టినట్టు ఆవిరి లేచింది. అత్తకు తప్ప కొత్తకోడలు దేనికి బెదురుతుంది? చెంబు మీద చెంబు పోసి, ఆఖరి ఎరుపు కూడా నల్లబడినాక, మెచ్చుకుంటాడని డ్రైవరు కోసం ఎదురుచూస్తా నిలబడినాను.

ఆయన వచ్చి పీపాను చూసినాడు, నన్ను చూసినాడు, చెంబును చూసినాడు.

"నీళ్ళు ఎవరమ్మా పోసింది?"

"నేనేనప్పా. నువ్వు కాఫీ తాగేదాకా ఊరికే కాలిపోతా ఉన్నింది. పోయేటప్పుడు మళ్ళా అంటించుకో."

"ఇదేమన్నా మీ యింటి కుంపటా తల్లీ? తడిసిందంతా తోడి, కొత్త బొగ్గేసి, అంటించి, గాలి కొట్టి, గ్యాసు వచ్చేతలికి పొద్దు యాడికో పోతాది."

"బొగ్గు మిగిలింది గదప్పా."

ఆయన రోడ్డు మీదే కూలబడినాడు. "బొగ్గు మిగిలింది తల్లీ, బస్సే మిగల్లా."

జనమంతా దిగినారు. అత్తమ్మ కూడా దిగింది. సంగతి వినింది. ముహూర్తం దాటితే నా గతేమని చెంబును కొంగు కింద దాచుకున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టు కూడా దాచిపెట్టుకొనింది. తమలపాకుల గంపలతో చిక్కబళ్ళాపురం పోతా ఉన్న జట్కాను ఆపి, గంపల మధ్య ఒక్క మనిషి పట్టే చోటు చూసుకొని ఎక్కి కూర్చొనింది.

"బొట్టు తీసుకొని నేను పోతాను. నువ్వు ఆర్పిన బస్సులో నువ్వే రా."

డ్రైవరు పీపాకు గాలి కొట్టే చక్రం పిడి నా చేతికిచ్చి, ఆర్పిన చెయ్యే అంటించాలన్నాడు. పట్టుచీరలో తిప్పినాను, భుజాలు ఊడిపోయేదాకా. తోడిపోసిన తడిబొగ్గులు రోడ్డు పక్కన కుప్పగా పడి ఉండాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినాడంట ఇంకొకడు. నేను, బస్సు ఆరి ఆ డ్రైవరు ఏడుస్తుంటే ఒక గోనెసంచి అడిగినాను. ఆయన సంచి ఇచ్చి దండం పెట్టినాడు.

ఎట్లనో బస్సు కదిలింది. ఊరు దగ్గరికి వచ్చేతలికి ముందర అత్తమ్మ జట్కా కనబడింది. డ్రైవరుకు రోషమొచ్చింది. హారను కొట్టుకుంటా జట్కాను దాటేసినాడు. బస్సంతా కేకలు. నేను కిటికీలోంచి అత్తమ్మను చూసి గర్వంగా తల కూడా ఊపినాను. ఊపిన తల ఇంకా నిలబడక ముందే మిట్ట వచ్చింది. బస్సు దగ్గి, మూలిగి, ఆగిపోయింది. మామూలుగా మొగోళ్ళే దిగి తోసేవాళ్ళు. ఆ రోజు నన్ను కూడా దింపినారు. పీపా పక్కన నిలబడి, పొగ మింగుతా తోస్తాండాను. వెనకనుంచి టకటకమని గుర్రం వచ్చింది. అత్తమ్మ తల తిప్పకుండానే ఒక మాట అనింది.

"ఛార్జీ ఇచ్చినావు గదా అమ్మీ, బాగా తొయ్యి."

నా జన్మలో చూసిన మోటారు పందెం అదొక్కటే. గుర్రం గెలిచింది.

మిట్టెక్కినాక మళ్ళా గాలి కొట్టి, నేను పెళ్ళింటికి చేరేతలికి తాళి కట్టడం అయిపోయింది. గడపలో నన్ను చూసి పెళ్ళికూతురి మేనత్త, "మొగపెళ్ళివాళ్ళు దిష్టిబొమ్మను కూడా వెంట తెచ్చుకున్నారే" అనింది. మా ఆయన నన్ను గుర్తుపట్టలేదు, చెంబును గుర్తుపట్టినాడు.

అత్తమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. ఇంక అయిపోయిందనుకొని తలొంచుకున్నాను. ఆమె నేను తెచ్చిన గోనెసంచి మూతి విప్పి, ఒక బొగ్గు తీసి, ఇంకొకదానితో తట్టి చూసింది.

"మంచి తుమ్మబొగ్గు. అంతా ఎత్తుకొచ్చినావా?"

"కొంచెం అక్కడే వదిలేసినానత్తమ్మా. సంచి పట్టలా."

ఆ రోజుకు మొదటిసారి ఆమెకు కోపమొచ్చింది. "అదీ నువ్వు చేసిన తప్పు" అనింది.

అత్తమ్మ పోయి ఎన్నో ఏండ్లయింది. ఆ చెంబు మాత్రం సొట్టతో సహా నా గూట్లోనే ఉండాది. ఆ పెరట్లో, మసి మొహంతో, తులసమ్మ సాక్షిగా నేనొక ప్రమాణం చేసినాను. ఇన్నేండ్లూ తప్పలేదు, ఇకమీదా తప్పను: చిన్న సంచి పట్టుకొని ఇంకే బస్సునూ ఆర్పను.