అంకుల్ చూసిన మీటర్

ఆ ఉదయం వంటింటి కుళాయి తిప్పితే నీళ్ళకు ముందు కాసేపు గాలి వచ్చింది. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మా తెలుగు ప్రార్థన కూటం పెద్ద, మేమంతా అంకుల్ అని పిలిచే మనిషి, ఆసుపత్రిలో కన్నుమూశారు.

మేం ఈ ఇల్లు కొన్నప్పుడు వడ్డీలు పెరిగి, అప్పు కట్టలేనివాళ్ళ ఇళ్ళను బ్యాంకులు అమ్ముతున్న రోజులవి. సిడ్నీలో మేముండే గిరావీన్‌లో అలాంటి ఇల్లు కొనదలచిన మనవాళ్ళు ముందు ఆయన్ని తీసుకెళ్ళేవారు. గుమ్మంలో బూట్లు విప్పి, చిన్న ప్రార్థన చేసి, అప్పుడు సింకు కింద తల దూర్చేవారు. "కొత్త రంగు చూసి మురిసిపోకండి, పైపుల్ని అడగండి," అనేవారు. ఖాళీ ఇంటికి ఆపేసిన నీళ్ళు మళ్ళీ ఇప్పించి, కుళాయిలన్నీ కట్టేయించి, వాకిట్లో నీళ్ళ మీటర్ చూసేవారు. అప్పుడూ ముల్లు తిరిగితే ఎక్కడో కారుతున్నట్టే.

మా ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఆయనొక్కరే మీటర్ దగ్గరికి వెళ్ళారు. నాన్నా నేనూ లోపల కుళాయిలు చూస్తున్నాం. తిరిగొచ్చి చేతులు తుడుచుకుంటూ, "కదల్లేదు బ్రదర్. తీసేసుకోండి," అన్నారు. ప్లంబర్‌ని కూడా పిలిపిద్దామని అమ్మ అనబోతే నాన్న కళ్ళతోనే వారించారు. ప్రార్థన చేసిన పెద్దాయన మాట మీద ఇంకొకరిని పిలవడం మాలో మర్యాద కాదు. కాన్వెంట్‌లో చదువుకున్న నాకూ అది సబబుగానే తోచింది.

మొదటి చలికాలానికే హాల్లో నేల ఉబ్బింది. కాంక్రీటు కింద పైపు ఎప్పటినుంచో కారుతోందన్నారు. నేల పగలగొట్టించాం. ఉన్నదంతా అందులోకే పోయింది. నేను యూనివర్సిటీ మానేసి మందుల షాపులో చేరాను. అంకుల్ ప్రతి శనివారం వచ్చి మట్టి ఎత్తారు. నాకు పాత పుస్తకాలు తెచ్చి ఇచ్చేవారు. "చదువు వదలకమ్మా, సాయంత్రం క్లాసులుంటాయి," అనేవారు. ఇంత మంచి మనిషి ఉంటారా అనుకున్నాను.

భూస్థాపనకు ముందురోజు అంకుల్ భార్య, ఆంటీ, మా ఇంటికొచ్చారు. ఈ సంగతి రాయమన్నదీ ఆవిడే.

"ఆ రోజు ముల్లు తిరుగుతోందమ్మా. ఆయన చూశారు. ఈ ఇల్లు కాదంటే మీరు మెల్‌బోర్న్ వెళ్ళిపోతారని భయం. మీరూ వెళ్తే కూటం ఉండదు కదా. ఎన్నోసార్లు చెప్పబోయారు."

ఎత్తిన ప్రతి తట్టా ఆయన తెలిసే ఎత్తారన్నమాట. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. వాటికి కృతజ్ఞత ఉంది. కానీ నేను నమ్మిన మనిషి ఆ మీటర్ దగ్గర నుంచి తిరిగి రాలేదు.

నాన్న కుళాయి తిప్పి గ్లాసు నింపి ఆంటీ ముందు పెట్టారు. తర్వాత, "రేపు శవపెట్టె ముందువైపు ఎవరు పట్టుకుంటారు?" అని అడిగారు.

ఎవరూ లేరన్నట్టు ఆంటీ తల అడ్డంగా ఊపారు. అది కొడుకులు పట్టుకునే చోటు. వాళ్ళకు పిల్లలు లేరు.