పరదా కట్టని బండి

మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందు నిలబెట్టిన వ్యాన్ వెనక తలుపు తీస్తే ముందుగా ముక్కుకు తగిలేది నీలం మందు వాసన. మరుగుదొడ్డి డబ్బాలో పోసే మందు అది. సీసా మీద మల్లెపూల బొమ్మ వేసి అమ్ముతారు గానీ, మల్లెలకు నోరుంటే వాడి దుకాణం ముందు ధర్నాకు కూర్చునేవి. మా ఆయన ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం ఫోన్‌లో వీడియోలు చూస్తూ, ఒక చేత్తో డ్రిల్లింగ్ మిషను, ఇంకో చేత్తో టీ గ్లాసు పట్టుకుని, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ వ్యాన్‌ను తిరిగే ఇల్లుగా మారుస్తున్నాడు. మడత మంచం బిగించాడు, పైకప్పు మీద సోలార్ పలక పెట్టాడు, బుల్లి ఫ్రిజ్ పెట్టాడు, చివరికి మూలన గొళ్లెమున్న చిన్న గదిలాంటిది కట్టి అందులో మరుగుదొడ్డి కూడా కూర్చోబెట్టాడు. అన్నీ తన చేత్తోనే చేశాడు, ఒక్కటి తప్ప. "ఆ డబ్బా కాస్త నువ్వు కడిగెయ్యవే, నాకు వాంతొచ్చేస్తుంది" అంటాడు. గుంటూరు మనిషి, మాట మెత్తగానే ఉంటుంది. నాకు మాత్రం వాంతి రాదని ఆయన నమ్మకం. నిజమే, రాదు. నేను పండ్ల వ్యాన్‌లో పెరిగినదాన్ని.

మా నాయన నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో సొంత వ్యాన్ తిప్పేవాడు. అందుకే మా ఇంట్లో కాలాలు క్యాలెండర్‌ను బట్టి కాకుండా కంపును బట్టి మారేవి. శివరాత్రి దాకా పులిసిన ద్రాక్ష, ఆ తర్వాత పగిలిన పుచ్చకాయ, ఎండలు ముదిరితే మామిడి, వానలు పట్టి పండుగలు దగ్గరపడితే సీతాఫలం, నడుమ ఎప్పుడో ఒక పనసకాయ లోడు వచ్చిందంటే వారం రోజుల పాటు మా అన్నంలో కూడా పనస వాసనే. చిన్ననాటి మామిడిపండ్ల వాసనను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్ల రాతలు చాలా చదివాను. పలకల సందుల్లోకి కారిన ఆ రసం మూడో రోజుకు ఏమవుతుందో వాళ్లలో ఒక్కరూ చూసినట్టు లేదు. తెల్లగా, బియ్యపు గింజంత లావున, లుకలుకా కదులుతుంది. చూసినవాళ్లు వ్యాసం రాయరు, ఫినాయిల్ కొనుక్కుంటారు.

ప్రతి శనివారం ఆ పలకలు కడిగే పని అమ్మదీ నాదీ. నాయన దర్జాగా స్టీరింగు తుడిచి, అద్దం తుడిచి, డాష్‌బోర్డు మీది అమ్మవారి పటానికి అగరొత్తి వెలిగించి దిగేవాడు. మేము కొంగులూ గౌన్లూ పైకి దోపుకుని, ఈగల గుంపులోకి దూరి, పాత కత్తితో సందుల్లోని జిగురు గీకి, సర్ఫు నీళ్లు కొట్టి, కొబ్బరి పీచుతో రుద్దేవాళ్లం. ఎంత రుద్దుకుని స్నానం చేసినా సోమవారం బడిలో నా పక్క పిల్ల బెంచీ చివరకు జరిగి కూర్చునేది. ఆ పిల్లను ఏమనను? నాకూ జరగాలనే ఉండేది, ఎటు జరిగినా నేనే ఉంటిని.

మామిడి సీజన్ సల్లబడ్డాక, ఆషాఢం రాకముందే, ఏటా అదే వ్యాన్‌లో మమ్మల్ని బెజవాడ దుర్గమ్మ దగ్గరికి తీసుకెళ్లడం నాయనకు అలవాటు. మూడు రోజులు వంట, పడక, అన్నీ బండిలోనే. దానికి నెల ముందు నుంచే బండి బాగు చేయడం మొదలయ్యేది. మెకానిక్‌కు ఇవ్వడమంటే ఆయనకు నామోషీ. ఒక ఏడు పైకప్పు కారుతోందని, రోడ్డు వేసేవాళ్ల దగ్గర డబ్బా నిండా డాంబరు అడుక్కొచ్చి తనే పూశాడు. సూర్యాపేట దాటేసరికి ఎండకు ఆ డాంబరు కరిగి, రేకు అతుకు నుంచి సాగి సాగి వచ్చి, పడుకున్న నా జడ మీద పడింది. కిరసనాయిల్ రాశారు, కొబ్బరినూనె రాశారు, ఆఖరికి జడే కోశారు. దుర్గమ్మ ముందు సగం జుట్టుతో నిలబడితే పూజారి నాకు గుండు మొక్కు ఉందనుకున్నాడు.

ఇంకో ఏడు దిల్‌సుఖ్‌నగర్ వైపు మూతపడ్డ ఏదో సినిమా హాలు కుర్చీలు తుక్కులో దొరికాయని రెండు తెచ్చి బిగించాడు. ఎర్ర రెగ్జిన్, కూర్చుంటే దిగబడేంత మెత్తన. మహారాణిలా కూర్చున్నాను. చౌటుప్పల్ వచ్చేసరికి తొడల మీద దద్దుర్లు. ఆ కుర్చీల్లో ఎన్నేళ్ల ప్రేక్షకుల నెత్తురు తాగి బలిసిన నల్లులో, టిక్కెట్టు లేకుండా మాతో బెజవాడ వచ్చి, తిరిగి మా ఇంటికొచ్చి, మంచం కోళ్లలో కాపురం పెట్టాయి. నాయన మాత్రం ఊరంతా చెప్పుకున్నాడు, "మా బండ్ల సిన్మా సీట్లున్నయ్" అని.

ఫ్యాను పెట్టాడు, టేప్‌రికార్డరు పెట్టాడు, లోపల వరసగా రంగు బల్బులు పెట్టాడు. ఇన్ని చేసినవాడు అమ్మ అడిగిన ఒక్కటి చేయలేదు. మా అమ్మ నాయనతో నేరుగా మాట్లాడేది కాదు. వాళ్ల తరంలో చాలా ఇళ్లల్లో అంతే, ఆయన ఎదురుగా కూర్చున్నా నా మొహం చూసి చెప్పేది. "మీ నాయనకు చెప్పు బిడ్డా, బండెనక ఒక పరదా కట్టి, మూతున్న బకీటొకటి పెట్టుమను. తొవ్వల మాకు పరేషానైతున్నది." ఆ మాట మోసుకెళ్లడానికి నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. నాయన జవాబూ నా ద్వారానే వచ్చేది. "బండంటే లచ్చిమి. దసరాకు గుమ్మడికాయ గొట్టి మొక్కుతం. దాంట్ల గసుంటి పని చేస్తరా ఎవలన్న? ఆడోళ్లు జర ఓపిక పట్టాలె." మగవాళ్లకు ఓపిక అవసరం లేదు మరి, దారి పొడుగునా తుమ్మచెట్లున్నాయి. అమ్మ బయలుదేరే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు ముట్టడం మానేసేది.

నాకు పదకొండేళ్ల ఏడు, సూర్యాపేటకు ఇవతల లారీ ఒకటి అడ్డంగా పడి రోడ్డు ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. ముందూ వెనకా కనుచూపుమేర బండ్లే, అటూ ఇటూ దున్ని వదిలేసిన చేలే, చాటుకు గడ్డిపరక లేదు. మగవాళ్లంతా దిగి రోడ్డంచున వరసగా నిలబడి కానిచ్చేసి, బీడీలు ముట్టించి ముచ్చట్లలో పడ్డారు. నేను అమ్మతో పలకల మీద చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుతున్నాను. గింజలు వేయడం ఆపి అమ్మ పొట్ట పట్టుకుంది. ముఖం బూడిదరంగు అయింది. రెండుసార్లు నన్ను నాయన దగ్గరికి పంపింది, రెండుసార్లూ నేను "ఓపిక పట్టుమను" అన్న జవాబే తెచ్చాను. మూడోసారి పంపలేదు. "ఇగ నాతోని గాదు" అని, దుప్పటి తీసి నా రెండు చేతులకూ ఇచ్చి అడ్డం పట్టుకోమంది. మూలన ఖాళీ డాంబరు డబ్బా ఉంది. నేను కళ్లు మూసుకుని దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. ఆ రేకు డబ్బా చప్పుడు పక్క లారీవాళ్లకు వినిపిస్తుందేమోనని, నాకొచ్చిన పాఠాల పుస్తకం పద్యాలన్నీ గట్టిగా చదివాను.

డబ్బాను రోడ్డు పక్కన పారబోస్తుంటే నాయన చూశాడు.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. సామాను మొత్తం కిందికి దించాడు. అమ్మ తెల్లవారుజామున లేచి చేసిన పులిహోర, జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, అన్నీ మైలపడ్డాయని కుక్కలకు వేశాడు. దారి తెరుచుకున్నాక మొదటి ఊళ్లో బండి ఆపి, బోరింగు దగ్గర నీళ్లు మోసి మోసి పలకలు కడిగి, దుకాణంలో పసుపు కొని చల్లి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. అంతసేపూ అమ్మ కిలోమీటరు రాయి మీద, కొంగు నెత్తి మీదకు లాక్కుని కూర్చుంది. ఊరివాళ్లు వచ్చి ఏమైందని అడిగితే నాయన చెప్పాడు కూడా, ఛీ. దుర్గమ్మ దగ్గరికి వెళ్లలేదు, అక్కడి నుంచే హైదరాబాదుకు తిప్పాడు. ఆ పలకలను ఆయన తన చేత్తో కడగడం నేను చూసింది ఆ ఒక్కరోజే. పురుగులు లుకలుకలాడిన బొప్పాయికి లేని మైల మా అమ్మకు ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు నోట్లో ఉమ్మి ఊరుతుంది.

మరుసటి ఏటి నుంచి ఆయన స్నేహితులతో వెళ్లాడు. అమ్మ ఆ బండి ఎక్కడం మానేసింది. శనివారాలు కడగడం మాత్రం మానలేదు.

ఆ వ్యాన్ ఏనాడో తుక్కులోకి పోయింది. మార్కెట్ కూడా గడ్డిఅన్నారం వదిలి బాటసింగారం పోయింది. పాత మార్కెట్ వైపు వెళ్తే ఈగలు లేవు, హమాలీల కేకలు లేవు, తొక్కితే జారే అరటి తొక్కలు లేవు. పోయిందని బాధపడేవాళ్లు పడనీ. నేను ఆ దారిన పోయినప్పుడల్లా నిండుగా ఊపిరి పీల్చుకుంటాను.

మొన్న వేసవిలో మా ఆయన తన బండిలో అమ్మానాయనలను బెజవాడ తీసుకెళ్దామన్నాడు. అమ్మ ఎక్కదనుకున్నాను. ఎక్కింది. మా ఆయన మంచం, ఫ్రిజ్, దీపాలు అన్నీ చూపిస్తుంటే తల ఊపుతూ వచ్చి, మూలనున్న చిన్న తలుపు దగ్గర ఆగి, గొళ్లెం రెండుసార్లు వేసి తీసి చూసింది. ఎల్బీనగర్ దాటి బాటసింగారం చేరేసరికి మామిడి లారీలు రోడ్డును కమ్మేసి ఉన్నాయి, గంటసేపు కదల్లేదు. ముందు సీట్లో నాయన మొదట ముక్కు ఎగబీల్చి "బంగినపల్లి" అని మురిశాడు. పావుగంటకు కాళ్లు కదపడం మొదలుపెట్టాడు. షుగరు మనిషి, ఇప్పుడాయనకు పది నిమిషాల ఓపిక కూడా లేదు.

"మామయ్యగారూ, వెనకాల ఉందిగా, వెళ్లి రండి" అన్నాడు మా ఆయన.

"వద్దు బాబూ, ఆపుకుంట" అన్నాడు గానీ, ఆగలేదు. చెప్పులు సీటు కింద విడిచి, సీట్లు పట్టుకుంటూ, అమ్మ వైపు చూడకుండా వెనక్కి నడిచి తలుపేసుకున్నాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక ముందుకెళ్లి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

చౌటుప్పల్‌లో పెట్రోల్ బంకు దగ్గర టీకి ఆగేసరికి, ఆ ఎండకు డబ్బా తన సంగతి తాను చెప్పడం మొదలుపెట్టింది. నీలం మందు ఓడిపోయింది. బంకు వెనక మరుగుదొడ్డిలో పారబోసి, కడిగి తేవాలి. మా ఆయన ముక్కు మూసుకుని నా వైపు చూశాడు. నేను అలవాటు ప్రకారం గ్లవ్స్ తీసి లేచాను.

అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. "నువ్ కూసో" అంది. తర్వాత ముందు సీటు వైపు తిరిగింది. "ఇగో, నీకే చెప్తున్న. పోయింది నువ్వు. డబ్బ నువ్వే కడుక్కొని రా."

నాయన నా మొహం చూశాడు, ఆ మాట నా నోటి నుంచి వస్తుందేమోనని. నేను గ్లవ్స్ ఆయన ఒళ్లో పెట్టి, ఆయన దిగడానికి తలుపు తీసి పట్టుకున్నాను.