పేచ్చియమ్మాళ్ బోర్డు

తళవాయిపురం బస్సులు ఆగేచోట ఇన్నేళ్లూ మురుకుల గంపతో కూర్చున్న పేచ్చియమ్మాళ్, సర్కారువారి దయవల్ల ఇప్పుడు రాజపాళయం రైతుబజారులో పారిశ్రామికవేత్త అయింది. షెడ్యూల్డు కులాల ఆడవాళ్లకిచ్చే గ్రాంటు కింద ఆమెకు బండి వచ్చింది, గొడుగు వచ్చింది, ఆ రెండింటికంటే ఘనంగా ఒక బోర్డు వచ్చింది. దానిమీద ఆమె ఫొటో, పేరు, ఆ సాయం ఏ కులంవాళ్లకిచ్చారో చెప్పే పెద్దపెద్ద అక్షరాలు. మురుకుల వాసన ముక్కుకు తగలకముందే కులం కంటికి తగులుతుంది. ఆమె పాత అలవాటు మాత్రం పోలేదు. ఎవరొచ్చినా చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఒక ముక్క విరిచి రుచి చూడమంటుంది. ఈమధ్య ఆ ముక్కలన్నీ ఆమే తింటోంది.

ఆ ఉదయం సరోజాదేవి వచ్చింది. మామిడితోటల ఆసామి భార్య. బస్సుల దగ్గర ఆ మురుకులు కొని, కారెక్కేదాకా కూడా ఆగలేక నమిలిన మనిషి. అలవాటుగా చెయ్యి చాచింది. ఇంతలో చూపు బోర్డుమీద పడింది. చాచిన చెయ్యి మెడలో గొలుసు సర్దుకోవడానికి పోయింది. "డాక్టరు నూనె వద్దన్నాడు, పేచ్చీ," అంది. పాపం, ఆ డాక్టరు ఊళ్లో చాలామందికి అదే మాట చెప్పినట్టున్నాడు. నాలుగడుగులు వేసిన సరోజాదేవి మళ్లీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించింది. "సాయంత్రం రెండు పొట్లాలు ఎత్తుకొని మా ఇంటి వెనక గేటుకు రా. అల్లుడు వచ్చినాడు, నీ మురుకే కావాలంటాడు."

పేచ్చియమ్మాళ్ విరిచిన ముక్కను తన నోట్లోనే వేసుకుని, తాపీగా నమిలి మింగింది.

"సరి, అమ్మా. బోర్డు కూడా ఎత్తుకొని వచ్చేదా?"