మూడుసార్లు బ్రావో

నసారియో గ్విటీ అరచేతుల్లో గీతలు లేవు. రేవుల్లో పూసలమ్ముకుంటూ చెయ్యి చూసి జోస్యం చెప్పే ముసలమ్మలు వాడి చెయ్యి తిప్పి చూసి, ఏమీ అడగకుండానే వదిలేసేవాళ్లు. "నాకు జాతకం లేదన్నా, కాలిపోయింది" అని వాడు నవ్వేవాడు.

అది పాత ఓడలో జరిగింది. బట్టలారబెట్టే యంత్రంలో నూలుపీచు అంటుకుంది. కేక వినబడింది. తలుపు దగ్గరున్నవాడు ఉత్తుత్తి కేకేమోనని కాసేపు తటపటాయించాడు. ఆ కాసేపట్లో మంట తలుపు దాటింది. నసారియో గదిలో పై పడక మీద పడుకునే లూచో లోపల ఉండిపోయాడు. కాలి ఎర్రబడ్డ ఇనప తలుపును నసారియో రెండు చేతులా పట్టి లాగాడు. తలుపు రాలేదు. చర్మం వచ్చింది. లూచో అవతలి నుంచి తలుపును గుద్దుతూనే ఉన్నాడట. గుద్దడం ఆగిపోయిన తర్వాత కూడా వీడు లాగుతూనే ఉన్నాడట.

నాకు పరిచయమయ్యేనాటికి ఆ చేతులు మానిపోయి, నున్నగా, గులాబిరంగులో మెరుస్తుండేవి. మేమిద్దరం కరీబియన్ దీవుల మధ్య తిరిగే పెద్ద విహారనౌకలో, అన్నిటికంటే అడుగు అంతస్తులో, లాండ్రీలో పనిచేసేవాళ్లం. నేను దుప్పట్లను ఇస్త్రీ చేసే వేడి రోలర్లలోకి పంపేవాణ్ణి, వాడు అవతలివైపు అందుకునేవాడు. నాది బెలీజులో డాంగ్రీగా, వాడిది హోండురాస్ తీరం. ఇద్దరం గరీఫునా జాతివాళ్లం కాబట్టి భాష ఒకటే, తిట్లు ఒకటే.

వాడి ఊరిమీద పామాయిల్ తోటలవాళ్ల కన్ను పడింది. వాళ్ల మనుషులు వచ్చి మొదట కర్రపెండలం చేను తగలబెట్టారు, తర్వాత ఇల్లు. అడ్డొచ్చిన వాడి తల్లిని ఒకడు కడుపులో తన్నాడు. నసారియో పడవ తెడ్డు అందుకుని, ఆ తన్నినవాడి ముఖం మీద ఒక్కటే దెబ్బ వేశాడు. కన్ను పోయింది, దవడ పక్కకు తిరిగిపోయింది. ఆ కన్ను పోయినవాడికి తమ్ముళ్లు ఇద్దరు. మా ఓడ హోండురాస్‌దే అయిన రొవతాన్ దీవి రేవులో ఆగిన ప్రతిసారీ ఆ ఇద్దరూ గేటు బయట బాదంచెట్టు కింద బల్లమీద కూర్చుని ఉండేవాళ్లు. తొందరేమీ లేనట్టు కాళ్లు చాపుకుని, సీసాల్లోంచి చల్లగా తాగుతూ ఎదురుచూసేవాళ్లు. నసారియో ఎప్పుడూ అక్కడ దిగలేదు. చిన్న గుండ్రటి కిటికీలోంచి తన దేశాన్ని చూసి పనిలోకి వచ్చేసేవాడు.

ఓడలో ఒక రూలుంది. ఎవరిమీదైనా చెయ్యి వేస్తే వచ్చే రేవులో దించేస్తారు. తప్పెవరిదని అడగరు. నసారియోకు అప్పటికే ఆఖరి హెచ్చరిక వచ్చి ఉంది. మా పైవాడు ఆస్మండ్‌ది సెయింట్ విన్సెంట్ దీవి, వాడి నోరు మంచిది కాదు. ఒక రొవతాన్ రోజున వాడు, "ఏరా గ్విటీ, మీ బావమరుదులు బల్లమీద ఎదురుచూస్తున్నారు, దిగి ఓసారి కనబడి రారాదూ?" అన్నాడు. నసారియో వాణ్ణి కొట్టలేదు. వాడి చెవి పక్కనున్న యంత్రాన్ని గుద్దాడు. ఆ సొట్ట అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి కోపమొస్తే చేతులు రెండూ చంకల్లో దాచుకునేవాడు. దూరం నుంచి చూసినవాళ్లు చలేస్తోంది కాబోలనుకునేవాళ్లు, కొలిమిలాంటి ఆ లాండ్రీలో.

రొవతాన్ ఇక మరుసటి రోజనగా, నడిసముద్రంలో ఉన్నప్పుడు టూరువాళ్లు వచ్చారు. ప్రయాణికుల్లో కొందరు విడిగా డబ్బు కట్టి ఓడ లోగుట్టు చూడ్డానికి వస్తారు. వంటిల్లు, మాంసం కొట్టే గది, చెత్త తగలబెట్టే చోటు, ఆఖర్న మేము. ఎప్పుడు బయటపడదామా అని మేం చూసే చోటికి డబ్బిచ్చి మరీ వచ్చేవాళ్లంటే మాకు భలే వింత. ఆ రోజు మాకు ఉతికిన తెల్లచొక్కాలు ఇచ్చారు. ఆస్మండ్ కూడా పళ్లు తోముకుని వచ్చాడు.

వాళ్లను తీసుకొచ్చిన పిల్ల ఫియోరెల్లా, పెరూ దేశస్థురాలు. "ఇక్కడ రోజుకు ఎన్ని తువ్వాళ్లు ఉతుకుతారో చెప్పుకోండి చూద్దాం" అంటోంది. గుంపు చివర, సరిగ్గా గుమ్మం గాడి మీద, బట్టల బండికి ఆనుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు దోన్యా ఇరైదా. పోర్టోరికోలో బడిపిల్లలకు జీవితమంతా పాటలు నేర్పి రిటైరైన మనిషి. ఒళ్లు చిన్నదే, గొంతు మాత్రం గంట.

ఆ గుమ్మానికి ఉన్నది నిప్పును ఆపే ఇనప తలుపు. పక్కనున్న ఎర్రమీట నొక్కితే గోడలోంచి జారి వచ్చి మూసుకుంటుంది. దానికి కళ్లు లేవు. దారిలో ఏమున్నా ఆగదు.

నేనూ నసారియో దుప్పటి మడిచే ఆట చూపించాం. రెండు చివర్లూ చెరొకరం పట్టి, గాల్లోకి ఎగరేసి, అది కిందికి దిగేలోపు చతురస్రం చేసేస్తాం. అందరూ చప్పట్లు కొట్టారు. దోన్యా ఇరైదా చేతులు రెండూ పైకెత్తింది. నాటకశాలలో పాట బాగుంటే వాళ్ల దేశంలో ఎలా అరుస్తారో అలాగే అరిచింది.

"బ్రావో! బ్రావో! బ్రావో!"

మా ఓడలో ఆ మాట మూడుసార్లు వినబడితే నిప్పంటుకుందని అర్థం. ప్రయాణికులు బెదిరిపోకుండా పెట్టుకున్న గుట్టుమాట. విన్నవాడు ఆలోచించకూడదు, కదలాలి. వారం వారం అదే సాధన. నా చేతిలో దుప్పటి ఎప్పుడు జారిందో నాకు తెలియదు, నేను నీళ్లగొట్టం దగ్గరున్నాను. ఆస్మండ్ బోర్డు మీద కరెంటు తీసేస్తున్నాడు. నసారియో ఒక చేత్తో ఎర్రమీట గుద్దాడు. తలుపు కదిలింది. అప్పుడు చూశాడు, గాడి మీద ఇంకా చేతులెత్తి నవ్వుతున్న మనిషిని.

వాడు ఆమెను నెట్టలేదు, విసిరాడు. పిడికిట్లో రవికె, నడుము దగ్గర రెండో చెయ్యి. బస్తాలా ఎత్తి అవతలి నడవాలోకి విసిరాడు. ఆమె భుజం ఎదుటి గోడకు కొట్టుకున్న చప్పుడు, తలుపు వచ్చి బండికి తగిలిన చప్పుడు ఒకేసారి వినబడ్డాయి. ఇనప బండి అప్పడంలా నలిగింది. దాని చక్రమొకటి ఊడి, గదంతా దొర్లి, ఎవరో టూరు మనిషి చెప్పుకు తగిలి ఆగింది.

ఎక్కడా పొగ లేదు. వాసన లేదు. ఫియోరెల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నసారియో నలిగిన బండి అడ్డుపడ్డ తలుపుసందులోంచి అవతల పడి ఉన్న ఆవిడను చూశాడు. నెమ్మదిగా చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"అయిపోయిందిరా పైసానో" అన్నాడు ఆస్మండ్. ఓడలో ఎవరినైనా అలాగే పిలుస్తారు, మన ఊరివాడా అని. కానీ ఆస్మండ్ వాణ్ణి అలా పిలవగా నేను వినడం అదే మొదటిసారి.

కెప్టెన్ విచారణ చేశాడు. సాక్షిగా నన్నూ పిలిచారు.

"ప్రయాణికురాలిని ఎత్తి విసిరావా?"

"విసిరాను సార్."

"తలుపు వేయడం తప్పు కాదు. నేనే నేర్పించాను. నెమ్మదిగా ఇవతలికి లాగి ఉండొచ్చు కదా?"

"నెమ్మదిగా కూడా నేర్పించాల్సింది సార్."

కెప్టెన్ కిటికీవైపు తిరిగాడు. ఒడ్డునున్న ఆఫీసు నుంచి అప్పటికే మాట వచ్చేసింది. ప్రయాణికురాలి ఎముక విరిగింది, మనిషిని వచ్చే రేవులో దించండి. "ఆ తర్వాతి రేవులో దించండి సార్, ఈ ఒక్కటీ తప్పించండి" అని నేను బతిమాలాను. "అడిగాను. ఒప్పుకోలేదు" అన్నాడాయన.

క్షమాపణ చెప్పుకోవడానికి నసారియోను ఆస్పత్రి గదికి తీసుకెళ్లారు. తోడు నేనూ వెళ్లాను. దోన్యా ఇరైదా చేతికి మెడకట్టుతో కూర్చుని జావ తాగుతోంది.

"నువ్వేనా నన్ను విసిరింది? రా, ఇలా కూర్చో. పెళ్లయిన నాటి నుంచి మా ఆయన కూడా నన్నంత పైకి ఎత్తలేదు."

నసారియో నవ్వలేదు. "తప్పయిపోయిందమ్మా."

"ఆ బండిని నాకు ఫొటో తీసి చూపించారు నాయనా. తప్పేమిటి? అరిచిందాన్ని నేను. ఆ ముదనష్టపు మాట మీకు నిప్పని నాకెవరు చెప్పారు? రేపు దించేస్తారటగా. దించితే దించారు, మీ దేశమేగా, ఇంటికి పోతావు. ముఖం అలా పెట్టావేం?"

వాడు తెడ్డు సంగతి చెప్పాడు. బల్ల సంగతి చెప్పాడు. ఆమె జావగిన్నె పక్కన పెట్టేసింది.

"నేను నీతో నడుస్తాను. కట్టు కట్టుకున్న ముసలిదాన్ని. నన్ను దాటుకుని కొడతారా?"

"కొడతారమ్మా. వాళ్లు మా అమ్మను తన్నినవాడి తమ్ముళ్లు."

మరునాడు పొద్దున్న ఓడ ఆగింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సెలవు దొరికిన పనివాళ్లంతా గేటు బయట కొట్ల దగ్గర చేరారు. వేయించిన చేపా పచ్చి అరటికాయ ముక్కలూ తింటూ, ఫోన్లలో ఇళ్లకు మాట్లాడుకుంటూ గోడవారన కూర్చున్నారు. వంటవాళ్లు, ఇంజను గదివాళ్లు, ముఖాన రంగు కడుక్కోని నాట్యగత్తెలు. నసారియో తన సంచీ తనే మోసుకుని గేటు దాటాడు. నేను వెనకే ఉన్నాను.

బల్లమీద ఇద్దరూ సీసాలు కింద పెట్టారు. లేచారు. చిన్నవాడు గోనెసంచీలోంచి కొబ్బరికాయలు కొట్టే కత్తి తీశాడు.

"బాగా లావయ్యావురా గ్విటీ. ఓడ తిండి పడింది" అన్నాడు పెద్దవాడు.

"మీ అన్నకు కన్నెలా ఉంది?" అన్నాడు నసారియో.

మొదటి వేటుకు సంచీ అడ్డం పెట్టాడు. సంచీ తెగి, చొక్కాలు పేగుల్లా బయటికొచ్చాయి. రెండో వేటుకు ఎడంచెయ్యి అడ్డం వచ్చింది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ కత్తితోపాటే వెళ్లిపోయాయి. అవి దుమ్ములో పడడం నేను చూశాను. రక్తం ఎగిరి బాదంచెట్టు బోదె మీద పడింది. నసారియో ఆ చేత్తోనే వాడి గొంతు పట్టుకున్నాడు. నుదుటితో ముక్కు మీద గుద్దాడు, మళ్లీ గుద్దాడు. పెద్దవాడు సీసా పగలగొట్టి వెనకనుంచి నసారియో నడుంలో దింపాడు. నేను పెద్దవాడి కాళ్లు పట్టుకుని వేలాడాను. వాడు నా పక్కటెముకల్లో తన్నాడు, ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. గేటు కాపలాదారు చేతిలో విజిల్ ఒక్కటే ఉంది. ఊదుతూనే ఉన్నాడు. కొట్లవాళ్లు తలుపులు దించేసుకున్నారు. నసారియో మోకాళ్ల మీద పడ్డాడు. కత్తి మళ్లీ పైకి లేచింది.

అప్పుడు గేటులోపలి నుంచి ఆ గంట మోగింది.

"బ్రావో! బ్రావో! బ్రావో!"

దోన్యా ఇరైదా కట్టు లేని చేత్తో కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి ఆ మాటకు అర్థం తెలిసి అరిచింది.

గోడవారన ఫోన్లు ఒక్కసారిగా మూగబోయాయి. చేపలు నేలపాలయ్యాయి. మా రూలు ప్రకారం ఒడ్డున ఉన్నా సరే, ఆ మాట చెవిన పడితే ఓడకు పరుగెత్తాలి. ఓడకు పోవాలంటే గేటులోంచే పోవాలి. గేటు ముందు మేమున్నాం. వంటవాళ్లు, ఇంజనువాళ్లు, ముఖాన సగం రంగుతో నాట్యగత్తెలు, అందరూ ఒకే దిక్కుకు, పళ్లు బిగించుకుని పరుగెత్తుకొచ్చారు. నసారియోను కాపాడదామని ఒక్కడూ రాలేదు. నిప్పు ఆర్పడానికి వచ్చారు. కానీ కత్తి పట్టుకుని అటు తిరిగి చూసినవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? చిన్నవాడు కత్తి పారేసి పరుగెత్తాడు. పెద్దవాడి కాళ్లు నా చేతుల్లో ఉన్నాయి. నేను వదల్లేదు. ఇంజను గదివాళ్ల బరువు బూట్లు వాడిమీదుగా వెళ్లిపోయాయి, కొన్ని నామీదుగా కూడా. ఆఖర్న ఆస్మండ్ వచ్చాడు. ఒక్క ఊపులో నసారియోను భుజాన వేసుకుని, వేగం తగ్గించకుండా ఓడలోకి మోసుకుపోయాడు.

కెప్టెన్ పైనుంచి చూశాడు. దించేసిన మనిషిని మళ్లీ ఎక్కించుకోకూడదు. "నిప్పు కేక మీద లోపలికి వచ్చినవాళ్లను లెక్క తేలేవరకు బయటికి పంపకూడదు. అదీ రూలే" అన్నాడట. లెక్క తేలేసరికి ఓడ రొవతాన్ దాటింది.

నసారియోను బెలీజులో దించారు. నడుంలో దిగిన గాజు లోతుకు పోలేదు. మా ఊరు తీసుకొచ్చాను. నా పక్కటెముకలు అతుక్కున్నాక నేను ఓడకు వెళ్లిపోయాను, వాడు అక్కడే ఇస్త్రీ కొట్టు పెట్టుకున్నాడు. ఎనిమిది వేళ్లతో దుప్పటి అంచు కలపడం నేర్చుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు. కోపం మాత్రం పోలేదు. చొక్కా మాడిందని దెబ్బలాటకొచ్చిన ఒక ఆసామిని బల్లతో సహా వీధిలోకి విసిరేసి, తర్వాత తనే పోయి లేవదీసి, ఆ చొక్కా మళ్లీ ఇస్త్రీ చేసి ఇచ్చాడు. సెలవులకొచ్చినప్పుడు నేను వాడి కొట్లో మూల కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. "అందులో ఎవడైనా చచ్చాడా అన్నా?" అని అడిగేవాడు. ఇంకా లేదంటే, "అయితే ఇంకా మొదలవలేదన్నమాట" అనేవాడు.

వాడు పోయి నాలుగు వానాకాలాలైంది, నిద్రలోనే. వాడిని తలుచుకుంటే నాకు బాదంచెట్టు గుర్తుకు రాదు. వాడి మనవరాలు బడి వార్షికోత్సవంలో పాడిన రోజు గుర్తుకొస్తుంది. పిల్ల బాగా పాడింది. పాట అయ్యీ కాగానే ముందు వరసలో ఎవరో హవానా నుంచి వచ్చిన సంగీతం మాస్టారు లేచి, చప్పట్లు కొడుతూ ఆ మాటే అన్నాడు. మూడుసార్లు.

మూడో మాట పూర్తికాకముందే నసారియో వేదిక మీద ఉన్నాడు. పిల్లను చంకలో ఇరికించుకుని, కుర్చీలు తన్నుకుంటూ, అడ్డొచ్చిన హెడ్మాస్టరును భుజంతో పక్కకు గుద్ది బయటికి పోతున్నాడు. పిల్ల తలకిందులుగా వేలాడుతూ జనానికి చెయ్యి ఊపుతోంది. సభ అంతా గొల్లుమంది.

నేను నవ్వలేకపోయాను. అప్పటికే వాళ్లకోసం తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాను.