వెలుతురుకు వీపు పెట్టినవాడు

మొన్న ఆదివారం బీచ్ రోడ్డు దగ్గర ఒక చిన్న హాల్లో, నేనెప్పుడో తీసిన అరగంట సినిమాను ఈనాటి కుర్రాళ్ళు కొందరు తెర మీద వేశారు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమను మన విశాఖలో అంత ముందే ఎవరో తీశారని వాళ్ళకు ఆశ్చర్యం. అందులో ఒక మనిషి ముఖం చివరిదాకా చీకట్లోనే ఉంటుంది. ఎంత గొప్ప ఆలోచన సార్ అని ఒక అబ్బాయి మెచ్చుకుంటే నవ్వి ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చి అలవాటు ప్రకారం డైరీలో ఎండా వానా రాసుకున్నాక కలం ఆగలేదు.

గాజువాకలో నాకు స్టూడియో ఉన్న రోజుల్లో పెళ్ళి వీడియోలు తీయడం నా పని, పక్కన లైటు పట్టడం ఆ చీకట్లో ఉన్న మనిషి పని. భుజాన వైరు చుట్ట వేసుకుని, కెమెరా ఎటు తిరగబోతోందో నేను చెప్పకముందే అటు వెలుతురు తెచ్చేవాడు. నేను అతన్ని ప్రేమించాను, అతనూ నన్ను ప్రేమించాడు. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు బావా అనుకోవడం మామూలే కాబట్టి, అతని పిలుపును ఎవరూ పట్టించుకోలేదు.

మూఢం వచ్చి ముహూర్తాలు లేక కెమెరా ఖాళీగా ఉన్న రోజుల్లో మేమిద్దరం ఆ సినిమా మొదలుపెట్టాం. సముద్రం ఒడ్డున ఒక పాకలో వలలు బాగుచేసుకుంటూ బతికే ఇద్దరి కథ. కెమెరాను స్టాండు మీద పెట్టి ఆ ఇద్దరూ మేమే అయ్యాం. అతను నటిస్తూ నటిస్తూ మధ్యలో లైటు సర్దడానికి లేచేవాడు.

"ఉండు బావా, నీ మొకం సగం సీకటైపోతంది."

"నువ్వు హీరోవిరా, లైటు గొడవ నీకేల?"

"హీరో అయితే మాత్రం సీకట్లో సేత్తాడేటి యాక్టింగు?"

సగం తీశాక అతనికి ఆనందపురం నుంచి సంబంధం కుదిరింది. ఒక సాయంత్రం స్టూడియో గుమ్మంలోనే నిలబడి, "సినిమాలోంచి నా మొకం తీసీ బావా. ఆల్లు సూత్తే నాను బతకనేను" అన్నాడు. సినిమా మానేద్దామన్నాను. "మానొద్దు. ఎలాగో నాను సెప్తాను" అన్నాడు.

మనిషి వెనక లైటు పెడితే ముఖం నల్లబడిపోతుంది. పెళ్ళిళ్ళలో ఎప్పుడైనా ఆ పొరపాటు జరిగితే ఆడపెళ్ళివారు మమ్మల్ని తిట్టిపోసేవారు. ఆ పొరపాటునే అతను కోరి చేశాడు. తన వీపు వెనక తనే లైటు పెట్టుకుని, కనపడ్డం లేదు కదా బావా అని మళ్ళీ మళ్ళీ అడుగుతూ, తీసినదంతా మళ్ళీ తీయించాడు. ముఖం ఉన్న టేపులను అతని ఎదురుగానే చెరిపేశాను.

పెళ్ళయ్యాక అతను లైటు పని మానేశాడు. కొన్నేళ్ళ క్రితం పోయినప్పుడు, ఒకప్పుడు కలిసి పనిచేసినవాడిగా వెళ్ళి, వీధి అరుగు మీద నలుగురితో పాటు కాసేపు కూర్చుని వచ్చాను.

మొన్న హాల్లో ముందు వరుసలో ఇద్దరు అబ్బాయిలు చేతిలో చెయ్యి వేసుకుని కూర్చున్నారు. సినిమా అయ్యాక నా దగ్గరకొచ్చి, ఒకరినొకరు చూపించి పేరు పెట్టి పరిచయం చేశారు. తెర మీద ఆయన పేరు వేయలేదేం సార్, ఎవరాయన అని అడిగారు. పేరు నోటిదాకా వచ్చింది. కానీ చెప్పమనడానికి అతను లేడు, అతని భార్యా పిల్లలూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. లైటు పట్టేవాడు అన్నాను. ఆ పిల్లలు ఒకరి పేరు ఒకరు ఎంత తేలిగ్గా అన్నారో తలచుకుని సంతోషపడుతూ, నా నోట్లో మిగిలిపోయిన పేరుతో గాజువాక బస్సెక్కాను.