పాపమ్మ గూళ్లూ పది నిమిషాల ఆఫరూ

ఉలిగప్ప నోరు తెరిస్తే పెనుకొండ కొండ కూడా ఒక అడుగు పక్కకు జరిగి దారి ఇస్తుందని కొండ కింది పల్లెలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా ఉలిగప్పే. ధర్మవరంలో చీరల అంగట్లో పనిచేసిన రోజుల్లో, దారి అడగడానికి లోపలికొచ్చిన పెండ్లివాళ్లకు వాళ్ల చీరలే కాకుండా వియ్యపురాళ్ల చీరలు కూడా అంటగట్టి పంపించానని చెప్పుకునేవాడు. అందులో నిజమెంతో ఆ పెండ్లివాళ్లకే తెలియాలి. ఒకటి మాత్రం నిజం. ఆషాఢం వచ్చిందంటే చీరల మీది చీటీలు పీకేసి, పెద్ద ధర చీటీలు అంటించి, ఆ ధరను ఎర్రగీతతో కొట్టేసి, కింద పాత ధరే రాసే పని అంగడాయన ఉలిగప్పకే అప్పగించేవాడు. గీత వంకర పోకుండా కొట్టేది అతనొక్కడే మరి.

అలాంటివాడు ఎర్రగీతకు పడిపోయాడంటే ఎవరు నమ్ముతారు? పడిపోయాడు. అంగడి పని మానుకుని, ఊళ్లో మల్బరీ తోట వేసి, పట్టుపురుగులు మేపుకుంటున్న కాలంలో ఫోన్లో ఒక ఆట పట్టుకున్నాడు. ఆ ఆటలో ఉలిగప్ప రాజు. అతని కోట ముందు పెనుకొండ కోట పిట్టగోడ. రాజ్యమన్నాక శత్రువులుంటారు, శత్రువులున్నాక వజ్రాలు కావాలి, వజ్రాలకు ఆఫర్లుంటాయి. పెద్ద ధర, దాని మీద ఎర్రగీత, కింద చిన్న ధర, పక్కన పరుగెత్తే గడియారం. కొనడానికి పళ్లెమంత పచ్చ బటను. వద్దనడానికి చీమతలంత అక్షరాలు. అవి కూడా ఉత్త 'వద్దు' అనవు, 'నా కోట కూలినా ఫర్వాలేదు' అంటాయి. అది నొక్కితే ఒక బుడ్డ సైనికుడు ఏడుస్తాడు.

ఉలిగప్ప పక్క చేను పాపమ్మది. మొగుడు పోయాక ఒంటిచేత్తో తోట నిలబెట్టుకున్న మనిషి. ఇద్దరూ ఒకేచోట పిల్ల పురుగులు తెచ్చుకుని, ఒకేసారి మేపి, ఒకేసారి పట్టుగూళ్లు విడదీసి, ఒకే టెంపోలో హిందూపురం మార్కెట్టుకు తోలుకునేవాళ్లు. ఈసారి గూళ్లు విడదీసేసరికి పాపమ్మకు మోకాళ్లు పట్టేశాయి.

"నా గూళ్లు గూడా నువ్వే అమ్ముకోని రాప్పా. నీ నోటి ముందర ఏ రీలరు నిలబడతాడు?" అంది.

"పాపక్కా, నువ్వు కాళ్లు జాపుకోని కూచో. నీ గూళ్లు జూసి బెంగుళూరోళ్లు జుట్లు పట్టుకోని కొట్టుకోవాల" అన్నాడు ఉలిగప్ప.

హిందూపురం మార్కెట్టులో ఒక పద్ధతి ఉంది. తొట్టిలో పోసిన గూళ్ల దగ్గర రైతు నిలబడాలి. దారం తీసే రీలర్లు వేలం పాట పాడుకుంటూ రాగానే మోచెయ్యి దాకా లోపలికి పెట్టి, అడుగు గూళ్లు పైకి తిరగేసి, పైన ఏముందో కిందా అదే ఉందని చూపాలి. మనిషి లేని తొట్టి అంటే అడుగున మచ్చగూళ్లున్నట్టే లెక్క. ఉలిగప్ప తన తొట్టి దగ్గర తిరునాళ్లే చేశాడు. ఒక గూడు తీసి రీలరు చెవి దగ్గర ఆడించి, "ఇను సామీ, లోపల పురుగు తాళమేస్తాండాది" అన్నాడు. నవ్విన రీలరే పాట పెంచాడు. ఆ రోజుకు అదే మంచి ధర.

తర్వాతి వరుసలో పాపమ్మ తొట్టి. పాట అక్కడికి చేరడానికి ఇంకా కొంచెం సమయముంది. అంతలో జేబులో ఫోను గుర్రుమంది. 'రాజా! మీకొక్కరికే! పది నిమిషాలే! ఈ అవకాశం మళ్లీ రాదు!' రేకుల కింద సిగ్నలు అందలేదు. ఇట్టే వచ్చేద్దామని గేటు బయటికి నడిచాడు. డబ్బు కట్టే చోట చక్రం తిరుగుతూనే ఉంది, గడియారం పరుగెడుతూనే ఉంది. ఒకసారి మధ్యలోనే ఆగిపోయింది, మళ్లీ కట్టాడు. వజ్రాలు గలగలమని రాలాయి, బుడ్డ సైనికుడు ఎగిరి గంతేశాడు. రాజుగారు నవ్వుకుంటూ లోపలికొచ్చేసరికి పాపమ్మ తొట్టి దగ్గర పాట అయిపోయింది. తన గూళ్ల ధరలో సగం కూడా పలకలేదు.

రెండో పాటకు పెట్టాడు. మోచెయ్యి పెట్టాడు, తిరగేశాడు, బతిమాలాడు. పెద్ద రీలర్లు అప్పటికే బండ్లు నింపుకుని వెళ్లిపోయారు. వెనక్కి తీసుకుపోదామంటే పట్టుగూడు ఆగేది కాదు, లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు చీల్చుకుందంటే దారం తెగి దూదికి కూడా పనికిరాదు. ఆ ధరకే ఇచ్చేశాడు.

తిరుగు ప్యాసింజర్ రైల్లో కూర్చుని ఫోను తీశాడు. మళ్లీ రాదన్న అవకాశం మళ్లీ వచ్చి కూర్చుంది. అవే వజ్రాలు, అదే గడియారం, మొదటి నుంచి పది నిమిషాలు. పెద్ద ధర మీది ఎర్రగీత వంకర లేకుండా ఉంది. ఆ గీత ఎలా కొడతారో తనకు తెలియనిదా! పెనుకొండ దాకా తలెత్తలేదు.

ఇంటి ముందు పాపమ్మ మంచమ్మీద కాళ్లు జాపుకుని ఎదురుచూస్తోంది. ఉన్నది చెబుదామనే నోరు తెరిచాడు. ఆ నోటికి అలవాటైనదే బయటికొచ్చింది.

"చైనా నుంచి పట్టు దిగిందంటక్కా. ఓడ కాదు, ఊరంత ఉండాదంట. మార్కెట్టు మార్కెట్టే కూలిపోయె. నా గూళ్లు గూడా అదే రేటుకు పోయినాయి. ఇంక లేసేది లేదంట."

"నువ్వేం జేస్తావులేప్పా. మొగం సూడు ఎట్ల పీక్కపోయిందో. కూచో, సంగటి తిని పో."

తిన్నాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ. మైకులో పాపమ్మ గొంతు ఊరంతా వినబడింది. "మా పక్క చేను ఉలిగప్ప, మా సంఘపోడు కాకపోయినా, పొద్దంతా నా గూళ్ల కాడ్నే నిలబడినాడు. తనకు నష్టమొచ్చినా నా పని ఇడ్సిపెట్టలేదు. అట్లాంటి మనిషిని నాకిచ్చిన దేవునికి స్తోత్రం." ఇంట్లో ఉలిగప్ప లేచి కిటికీ మూశాడు. మైకు కిటికీలకు ఆగుతుందా?

అంతటితో పోయినా ఆ పాపాన్ని మూటగట్టుకుని బతికేవాడేమో. రెండ్రోజులకు చేను పక్క నుంచి ట్రాక్టరు శబ్దం వచ్చింది. పోయి చూస్తే పాపమ్మ తోటలో మల్బరీ మోళ్లు వేళ్లతో సహా లేచి పడుతున్నాయి. గట్టు వైపు సాళ్లు అప్పటికే నేలమట్టం. పాపమ్మ గట్టు మీద నిలబడి చూస్తోంది.

"ఏం జేస్తాండావక్కా!"

"నువ్వే జెప్తివి గదప్పా, ఇంక రేటు లేసేది లేదని. జొన్న ఏసుకుంటా."

ఉలిగప్ప ట్రాక్టరుకు అడ్డంపడి ఆపించాడు. ఓడ లేదన్నాడు. తన గూళ్లకు మంచి ధర వచ్చిందన్నాడు. ఫోన్లో వజ్రాలు కొంటూ ఆమె తొట్టిని అనాథగా వదిలేశానన్నాడు.

పాపమ్మ జాలిగా చూసింది. "నా తోట కోసరం ఎంత కత అల్లినావప్పా. మీసాలొచ్చినోడు ఫోన్లో వజ్రాలు కొంటాడా?"

నిజం చెప్పిన ఒక్క రోజునే ఆమె నమ్మలేదు. ఇక దారి లేక ఫోను తీసి చూపించాడు. ఆఫరు ఉండనే ఉంది, గడియారం నడుస్తూనే ఉంది.

"ఈ బుడ్డోడు యాలప్పా ఏడుస్తాండాడు?"

"నేను కొనలేదని."

"కొంటే?"

"నవ్వుతాడు. రేపు మళ్లా ఏడుస్తాడు."

"ఈ గడియారం అయిపోతే?"

"సూడక్కా, నువ్వే సూడు."

ట్రాక్టరు డ్రైవరు కూడా దిగొచ్చాడు. ముగ్గురూ గట్టు మీద కూర్చుని అంకెలు కరిగిపోవడం చూశారు. సున్నా అయింది. తెర ఒక్కసారి మెరిసింది. 'రాజా! మీకొక్కరికే!' పది నిమిషాలు మొదటి నుంచి మొదలయ్యాయి.

పాపమ్మ ఫోన్ను పక్కకు తోసింది.

"అయితే ఓడ లేదు."

"లేదక్కా."

"నా గూళ్ల కాడ నువ్వు లేవు."

"లేనక్కా. తేడా దుడ్లు నేనిస్తా..."

"దుడ్ల మాట తర్వాత. నేను మైకులో దేవుని ముందర నీ పేరు జెప్పినానే. ఆడ అబద్ధమాడింది నువ్వా, నేనా?"

పాపమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. పడిపోయిన మోళ్లలో ఒకదాన్ని ఎత్తి వేళ్లు తడిమింది.

"తడి ఆరకముందే నాటితే బతుకుతాయి. పార తెచ్చుకో పో."

ఆ పగలంతా ఉలిగప్ప గుంతలు తీశాడు, పాపమ్మ మోళ్లు నిలబెట్టింది. ఎండ దిగే వేళ మోపెడ్ మీద పోతున్న ఊరివాడు తిమ్మయ్య బండి ఆపాడు. "ఏమబ్బా, పొద్దున పీకి సందకాడ నాటుతాండారు, ఏం కత?"

"ఆయప్పనే అడుగు" అంది పాపమ్మ.

ఉలిగప్ప పార నేలకు ఆనించి అంతా చెప్పాడు. కోట, వజ్రాలు, తొట్టి, లేని ఓడ, ఒక్కటీ దాచలేదు. తిమ్మయ్య బండి పడిపోయేలా నవ్వాడు. "నీ కతల్లోకెల్లా ఇదే బాగుండాదబ్బా! మా ఇంట్లో గూడా జెప్పాల" అంటూ వెళ్లిపోయాడు.

పాపమ్మ నవ్వలేదు. ఇంకో మోడు అందించింది.